యార్డుకు సెలవులు

ఇవాళ్టికి నాలుగు రోజులు, కాటా గదికి తాళం పడి.
నెల్లాళ్ళు యార్డుకు ఎండాకాలం సెలవులని
గుమాస్తా రత్తయ్య నోటితో చెప్పి
గోడకి చీటీ కూడా అంటించాడు,
మాకేదో చదువొచ్చినట్టు.
ఆఖరి టిక్కీ లారీ ఎక్కింది.
ఆఖరి తుమ్ము మాత్రం నాతో ఇంటికొచ్చింది.

మాఘమాసం నుంచీ ఈ చేతులు నావి కావు.
తేజా కాయల తొడిమలు తీసీ తీసీ
గోళ్ళ మొదళ్ళలో నిప్పు కాపురం పెట్టింది.
కొబ్బరినూనె రాస్తే కాసేపు ఊరుకుంటుంది,
మజ్జిగలో ముంచితే ఇంకాసేపు,
దీపం ఆర్పగానే మళ్ళీ మొదలు.
అన్నం చెంచాతో తిన్నాను, ఆసుపత్రి మంచం మీద మనిషిలాగ.
కన్ను దురదపెడితే మోచేత్తో రుద్దుకున్నాను.
పక్కింటి చంటిదాని బుగ్గ పుణకబోయి
గుర్తొచ్చి, వేళ్ళు కొంగులో చుట్టేసుకున్నాను.

ఇవాళ పొద్దున బొటనవేలు నాలిక్కి ఆనించి చూశాను.
ఉప్పగా ఉంది. అంతే.

ఇంక ఆగుతానా!
కందిపప్పు దోరగా వేయించి
ఒక్క మిరపగింజ పడకుండా ముద్దపప్పు వండాను.
వెన్న కాచాను, అడుగు గోకుడు ఎర్రబడేదాకా,
చివర్లో ఓ తమలపాకు తుంచి వేసి.
ఆ వాసన ఆనందపేట సందు మలుపుదాకా పోయి
పిలవకుండానే మనుషుల్ని వెంటబెట్టుకొచ్చింది.
మస్తాన్‌బీ సేమ్యా పాయసం తెచ్చింది,
జీడిపప్పులన్నీ పైనే కనపడేట్టు పేర్చి.
దీనమ్మ బుట్టెడు రసాలు దించింది.
నాంచారి ఉత్తచేతులతో వచ్చి
"ఆకలేస్తందే" అంది, అదే తన వంతు.

"సూర్యలంక పోదామే," దీనమ్మ మొదలెట్టింది.
"పొద్దున బండి. తెనాలిలో మారాలి."
"పులిహోర కట్టుకుందాం."
"ఎండుమిరపకాయ వేస్తే నేను రాను."
"అది లేకపోతే పులిహోర ఎట్టా అయిద్దే?"
"సరే వేయి. ఏరి సముద్రంలో పారేద్దాం."
"సముద్రానికి తుమ్మొస్తే?"

మస్తాన్‌బీకి అలలంటే భయం.
బెజవాడలో కదిలే మెట్లున్న షాపుకి పోదామంటది,
రోజంతా ఎక్కి దిగినా టికెట్ అడగరంట,
లోపల పుష్యమాసంలాగ చల్లగా ఉంటదంట.
నాంచారి ఏదైనా సరేనంది,
దారిలో తినడానికి ఏముంటాయో చెబితే చాలంది.

మా ఆయన గడపలో నిలబడి అడిగాడు,
ఆవకాయకి కారం ఎప్పుడు పట్టిస్తావని.
నలుగురం ఒక్కసారే తిరిగి చూశాం.
పాపం, చెప్పులేసుకుని బజారుకి పోయాడు.

అన్నం వార్చాను.
దాని మీద పప్పు, పప్పు నడుమ గుంట, గుంటలో నెయ్యి.
చెంచా దూరంగా పెట్టి
అయిదు వేళ్ళూ దించాను.
కాలింది.
మామూలు కాలడం.
అందరి చేతులూ కాలే కాలడం,
ఉఫ్‌మని ఊదుకుంటే పోయే కాలడం.
మెతుకు మెతుకూ చేతికి తెలుస్తోంది,
పప్పు మెత్తదనం, నెయ్యి జారుడు,
ఎక్కడో కరగకుండా మిగిలిన ఒక ఉప్పుగల్లు.
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
నాంచారి కూడా.

తర్వాత రసాలు. మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి
పీల్చడం మొదలెడితే మోచేతిదాకా పసుపు కాలవ.
బండి సంగతి రేపటి నుంచి ఎల్లుండికి,
ఎల్లుండి నుంచి శుక్రవారానికి,
శుక్రవారం నుంచి "కాస్త ఎండ తగ్గనీ"కి జరిగింది.
"సముద్రం ఎక్కడికి పోయిద్దే," అంది దీనమ్మ
టెంక చప్పరిస్తూ, పీచు తప్ప ఏమీ మిగల్చకుండా.
చాప మీద ఎవరికి వాళ్ళం అడ్డంగా పడ్డాం.
ఫ్యాను గుంటూరు ఎండనే తిప్పి తిప్పి వడ్డిస్తోంది.

ఇంకా ఇరవయ్యారు రోజులున్నాయి.
కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకున్నాను.
మండలేదు.
కడిగినా నెయ్యి వాసన పోలేదు,
నేనూ గట్టిగా కడగలేదులే.